బొంగరం తూలిన లెక్క

"ఇంతకీ ఏం దొరికింది మీకు?"
కంచె అవతలి నుంచి అడిగాడు వాల్టర్ లిండ్‌క్విస్ట్,
టమాటా మొక్కకు కడుతున్న తాడు చేతిలో అలాగే పట్టుకుని.

బటేవియాలో జూన్.
రాత్రి ఎనిమిదైనా పొద్దు కుంగనంటోంది.

పన్నెండేళ్ల కింద ఓ అర్ధరాత్రి
ఇదే మనిషి హైవే పక్కన మడత కుర్చీ వేసుక్కూర్చున్నాడు
మా ఉంగరం ఊరేగింపు చూడ్డానికి.
యాభై అడుగుల ఉంగరం.
న్యూయార్క్‌లో పడవెక్కి, సముద్రం చుట్టి,
నదులకు ఎదురీది, చివరికి రోడ్డెక్కి
నత్తకు తోబుట్టువులా వచ్చింది.
"పెళ్లికూతురెవరో గానీ వేలు లావే" అన్నాడట.

ఆ ఉంగరంలో నా పని చిన్నది.
కాగితమంత పల్చని ఇనుప రేకులు
వేలకు వేలు అతికించడం,
అయస్కాంత బలానికి ఎక్కడా ఎత్తుపల్లం లేకుండా.
పెనం మీద దోసె సమంగా తిప్పడం వచ్చినవాళ్లకు
ఈ పనీ వచ్చేస్తుంది,
కాకపోతే ఒక్క దోసెకు ఏడాది పట్టింది.

ఏం దొరికిందంటే, వాల్టర్,
అరచేయి ఇలా చాపు.
ఇప్పుడొకటి వెళ్లింది.
ఇదిగో, ఇంకొకటి.
ఆకాశం పైఅంచున పుట్టి, నీ చేతిలోంచి దూసుకుని
టమాటా వేళ్ల కిందికి దిగిపోయింది.
పేరు మ్యూఆన్. ఎలక్ట్రాన్‌కు అక్క,
రెండు వందల రెట్లు బరువు,
ఆయుష్షు మాత్రం సెకనును పది లక్షల ముక్కలు చేస్తే
అందులో రెండు ముక్కలు.

మేమూ వాటిని పుట్టించి ఉంగరంలో పరుగు పెట్టించాం.
కాంతి మడమలు తొక్కేంత వేగంతో ఉరికేవాళ్లకు
కాలం కాస్త వడ్డీ ఇస్తుంది,
ముప్పై రెట్ల దాకా బతికాయి.
ఒక్కోటీ ఒక్కో బొంగరం.
తిరుగుతూ తూలుతుంది.
ఎంత తూలిందో కొలవడం, అంతే.

ఎందుకు తూలుతుందంటావా?
శూన్యం ఖాళీగా ఉండదు కనుక.
తెర చాటున ఆగలేని పిల్లల్లా
లెక్కకందని రేణువులు తొంగిచూసి,
బొంగరాన్ని వేలితో తాకి, మాయమైపోతాయి.
పేర్లు తెలిసిన పిల్లలందర్నీ లెక్కేసి
ఇంత తూలాలంది కాగితం.
అది ఇంకాస్త తూలింది.

ఆ ఇంకాస్త మీద ఎన్ని మేడలు కట్టామో!
పేరులేని పిల్ల ఒకతి ఉందని
మార్సెలా తన చచ్చిపోయిన కుక్క పేరు
ముందే పెట్టేసింది దానికి.

మా ఆశ మా కళ్లను మోసం చేయకుండా
గడియారం వేగాన్ని ఎవరో ఇద్దరు రహస్యంగా మార్చి
ఆ అంకెను కవర్లో పెట్టి అంటించారు.
ఏళ్ల తరబడి
తప్పు గడియారంతో నిజాయితీగా పనిచేశాం.
కవరు చింపిన రోజు గదిలో ఎవరూ దగ్గలేదు.

అంకె పాత చోటే పడింది.
ఎనిమిది వందల కిలోమీటర్ల దారి కొలిచి
బెత్తెడు మించి తప్పనంత కచ్చితంగా.

ఈలోగా కాగితమే కదిలింది.
దేశదేశాల వాళ్లు లెక్క మళ్లీ కట్టారు,
కొత్త జవాబు వచ్చి
మా అంకె పక్కన బుద్ధిగా కూర్చుంది.
తెర వెనక ఎవరూ లేరు.
ఉన్నా, మా బొంగరం మీద వేలు పెట్టలేదు.

వాల్టర్ ముడి బిగించాడు.
"అంటే ఏమీ దొరకలేదన్నమాట."

కొండను తవ్వి ఎలుకను పట్టామని
మా సామెత ఒకటి చెప్పాను. పగలబడి నవ్వాడు.
నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.
కానీ, వాల్టర్, ఆ ఎలుక మీసంలో
ఏ వెంట్రుక పొడవెంతో ఇప్పుడు రాసి ఉంది.
కొండ గురించి ఇకమీద ఎవరేం కథ చెప్పినా
ముందు ఆ ఎలుకకు సమాధానం చెప్పాలి.

అతను వినడం లేదు.
అరచేయి మళ్లీ చాపాడు.
"ఇప్పుడు వెళ్లిందా?"
"వెళ్లింది."
"నాకేం తెలీలేదే."
"నాకూ ఎప్పుడూ తెలీలేదు."

కట్టాల్సిన మొక్కలు ఇంకా నాలుగున్నాయి.
తాడు రెండో కొస నాకందించాడు.